డాక్టర్ వేల్ పట్టుకున్న ట్రే

నీలి ధూళి నిజానికి గోధుమపిండి. నలుపు తెలుపుల చిత్రంలో నీలం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న పదేళ్ల పిల్లకు తోచకపోవడం సహజం. ఆ పిల్లకే అరవై ఏడేళ్ల ప్రొఫెసరయ్యాక తోచింది. పిండి పైనుంచి రాలుతోంది. రాలే చోట ఒక జల్లెడ అంచు, దాన్ని పట్టుకున్న చేతి నాలుగు వేళ్లు, వాటిలో ఒకదానికి పెళ్లి ఉంగరం, అన్నీ తెర పైభాగాన స్పష్టంగా కనిపిస్తున్నాయి. మానవజాతిని నాశనం చేయడానికి అంతరిక్షం నుంచి దిగివచ్చిన శక్తికి పెళ్లి కూడా అయిందన్నమాట, అనుకుంది గ్లెనిస్ ఫ్రీర్.

లెస్టర్ నగరంలో ఒక కార్మికుల క్లబ్బు మేడమీది గది అది. శనివారం ఉదయం పదకొండు గంటలు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, గోడకు తెర దించి, 'నీలి ధూళి' సీరియల్ అభిమాన సంఘం అధ్యక్షుడు డెస్మండ్ పికరిల్, కార్యదర్శి షీలా బెక్విత్ కలిసి గ్లెనిస్ ఒక్కదానికోసం ఈ ప్రదర్శన ఏర్పాటు చేశారు. మధ్యాహ్నం రెండు గంటలకు కింది హాల్లో రెండు వందలమంది ముందు ఇదే భాగాన్ని మళ్లీ వేస్తారు. అప్పుడు వేదిక మీద నాలుగు మాటలు చెప్పవలసింది గ్లెనిస్. చెప్పేముందు చూడటం మర్యాద అని ఆమే అడిగింది. చూడకుండా ఉంటే బాగుండేదని మొదటి అయిదు నిమిషాల్లోనే అనిపించింది.

"ఎలా ఉందమ్మడూ?" అని చీకట్లోంచి అడిగింది షీలా. ఆమె చేతిలో ఊలు అల్లిక ఆగలేదు. ఆ ఊరి ఆడవాళ్లకు ప్రొఫెసరైనా పాలవాడైనా అమ్మడే.

"గోడ ఊగుతోంది," అంది గ్లెనిస్.

"భూకంపం, ప్రొఫెసర్ గారూ," అన్నాడు డెస్మండ్ భక్తిగా.

"భూకంపం మూడో నిమిషంలో అయిపోయింది. ఇది ఆ నటుడు తలుపు వేసినందుకు ఊగింది."

డెస్మండ్ నవ్వలేదు. నలభై ఏళ్లుగా చూడాలని తపించిన దాన్ని చూస్తున్నవాడు నవ్వడు.

ఆ తపనకు ఒక కారణం ఉంది. 1966 శరదృతువులో, ఆరు శనివారాలు, సాయంత్రం టీ వేళకు 'నీలి ధూళి' ప్రసారమైంది. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు, సీరియల్ చవకైన వస్తువు. అందుచేత ప్రసార సంస్థవారు ఆరు భాగాలనూ తుడిచేసి, ఆ టేపుల మీదే గుర్రప్పందేలు నింపుకున్నారు. పునఃప్రసారం అనే మాటే లేదు. అయితే దేశంలో అక్కడక్కడ కొందరు పిల్లలు, ఒకసారి విన్నది మళ్లీ వినాలన్న ఆశతో, తండ్రుల టేపు రికార్డరు మైకును దిండు మీద పెట్టి టీవీ ముందు కూర్చున్నారు. ఇంట్లో అందరినీ దగ్గవద్దని శాసించారు. ఆ పిల్లల్లో గ్లెనిస్ ఒకతె. ఆరు భాగాల ధ్వనీ పూర్తిగా దక్కింది ఆమె దగ్గర మాత్రమే. మరుసటి వసంతంలోనే రికార్డరు పాడైంది. రీళ్లు బిస్కట్ల డబ్బాలో పదహారేళ్లు పడి ఉన్నాయి. 1983లో పత్రికలో సంఘం ప్రకటన చూసి వాటిని పంపింది. ఇరవై రెండేళ్ల డెస్మండ్ వాటిని శుభ్రపరిచి, ఆరు క్యాసెట్లుగా మార్చి పంపాడు; అసలు రీళ్లు సంఘం దగ్గరే ఉండిపోయాయి. ఆ క్యాసెట్లు ఆమె కార్లో ఎన్నేళ్లు తిరిగాయో చెప్పడం కష్టం.

ఇప్పుడేమైందంటే, ఎక్కడో ఒక చిన్న ద్వీపదేశపు టెలివిజన్ స్టేషన్ మూతబడి, దాని గోడౌను ఖాళీ చేస్తుండగా, తుప్పు పట్టిన డబ్బాలో నాలుగో భాగపు ఫిల్ము బయటపడింది. నాలుగోది దొరకడం అభిమానుల లెక్కలో దైవఘటన, ఎందుకంటే ఆ వాక్యం ఉన్నది అందులోనే.

వాక్యం ఇది: "చెడినదానిని పరీక్షించి ప్రయోజనమేమి? చెడుటకు ముందు మార్చినదేమో విచారింపుడు."

ధ్రువప్రాంతపు పరిశోధనాలయంలో యంత్రాలు ఒక్కొక్కటిగా ఆగిపోతుంటే, ప్రొఫెసర్లందరూ ఆగిన యంత్రాల చుట్టూ మూగి తలలు పట్టుకుంటారు. అప్పుడు, ఆ బృందంలోని ఏకైక మహిళా శాస్త్రవేత్త డాక్టర్ ఇమొజెన్ వేల్, రేడియోలో వార్తలు చదివేవారి లాంటి నిబ్బరమైన గొంతుతో ఈ రెండు ముక్కలు అంటుంది. సంఘం వారి చొక్కాల మీద ఇవే అచ్చయి ఉంటాయి. గ్లెనిస్ జీవితం మీద కూడా ఇవే అచ్చయి ఉన్నాయి. వ్యాధులు ఎక్కడ పుట్టి ఎలా పాకుతాయో వెతికే శాస్త్రం ఆమెది. యువతిగా ఉండగా ఒక చిన్న పట్టణంలో పిల్లలు వరసగా జబ్బుపడితే, పెద్ద డాక్టర్లు పిల్లల రక్తం తీస్తూ కూర్చున్నారు. ఆమె వెళ్లి, జబ్బు మొదలవడానికి ముందు వారంలో ఊళ్లో ఎవరు ఏం మార్చారని ఇంటింటా అడిగింది. పాలకేంద్రంలో ఒక రబ్బరు వాషరు మార్చారు. అక్కడినుంచి ఆమెకు పేరు, పేరునుంచి పదవి. 1996లో ప్రొఫెసరుగా తొలి ఉపన్యాసం ఇచ్చినప్పుడు, 'నన్ను ఈ దారిలో పెట్టినది డాక్టర్ వేల్' అని మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయం దాన్ని పుస్తకంగా వేసింది.

అందుకే ఇప్పుడు, పిండినీ ఉంగరాన్నీ ఊగే గోడనూ సహించి, ఆమె పద్దెనిమిదో నిమిషం కోసం కాచుకుంది.

పద్దెనిమిదో నిమిషం వచ్చింది. ఆగిపోయిన యంత్రం అంటే అట్టపెట్టెకు అంటించిన గడియారపు ముళ్లు. దాని చుట్టూ నలుగురు మగవాళ్లు. క్యాసెట్టులో ఇక్కడ గాజుపాత్రల గలగల వినిపిస్తుంది. డాక్టర్ వేల్ తన బల్ల దగ్గర ప్రయోగం చేస్తోందని గ్లెనిస్ యాభై ఏళ్లు నమ్మింది. గలగల వినిపించింది. తలుపు తెరుచుకుంది. డాక్టర్ ఇమొజెన్ వేల్ లోపలికి వచ్చింది. ఆమె చేతిలో ట్రే, ట్రేలో అయిదు టీ కప్పులు. అవే గాజుపాత్రలు.

ఆమె ట్రే పట్టుకుని నిలబడింది. మగవాళ్లు యంత్రాన్ని చూస్తున్నారు. ఆమె మగవాళ్లను చూస్తోంది. పెదవులు మూసి ఉన్నాయి. నాలుగు క్షణాలు, అయిదు, ఆరు. తరువాత ప్రధాన శాస్త్రవేత్త, "ధన్యవాదాలమ్మాయ్, అక్కడ పెట్టు," అన్నాడు. ఆమె పెట్టింది. కిటికీలోంచి ఏదో కనిపించి కెవ్వున అరిచింది. అరిచి పడిపోయింది.

"ఆపండి," అంది గ్లెనిస్.

డెస్మండ్ ఆపాడు. లైటు వేశాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేకపోవడం ఆమె గమనించింది. అంటే ఇతనికి ముందే తెలుసు.

"వాక్యం ఏదీ?"

"అదే మీతో మాట్లాడాలనుకున్నది," అంటూ డెస్మండ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. అతని వెండిరంగు కోటు చంకల కింద చినిగి ఉంది. "ఫిల్ములో లేదు. ద్వీపం వాళ్లు కత్తిరించి ఉంటారు. కానీ మీ టేపులో ఉంది కదా! ఆవిడ ట్రే పట్టుకుని నిలబడ్డ ఆరు క్షణాలున్నాయే, వాక్యం సరిగ్గా అందులో పడుతుంది. నేను కొలిచి చూశాను. ఆవిడ ముఖం అప్పుడు సగం నీడలో ఉంది, పెదవులను ఎవరూ అంతగా గమనించరు. మీరు ఈ అనుమతి కాగితం మీద సంతకం పెడితే మేం విడుదల చేయబోయే డిస్కులో మీ టేపు ధ్వనిని ఇక్కడ కూరుస్తాం. మధ్యాహ్నం ప్రదర్శనకు కూర్చేశాను కూడా."

"నా అనుమతి లేకుండానే?"

"మీరు కాదంటారని కలలో కూడా అనుకోలేదు ప్రొఫెసర్ గారూ. మన సీరియల్ కదా!"

"కత్తిరిస్తే చిత్రం ఎగిరిపడాలి," అంది గ్లెనిస్. "ఆ ఆరు క్షణాల్లో కప్పులోంచి లేచే ఆవిరి ఎక్కడా తెగలేదు. ఎవరూ ఏదీ కత్తిరించలేదు డెస్మండ్. ఆవిడ నోరు తెరవలేదు. మరి మాట్లాడింది ఎవరు?"

ప్రశ్న వేస్తూనే, తన ప్రశ్న తప్పని ఆమెకు తోచింది. మాట వచ్చిన తరువాతి సంగతి కాదు, రాకముందు ఏం జరిగిందన్నది చూడాలి. క్యాసెట్టు కన్నా ముందు రీలు ఉంది.

"నా అసలు రీలు ఎక్కడ?"

"అన్నీ నా పెట్టెలోనే ఉన్నాయమ్మడూ," అంది షీలా, అల్లిక పక్కన పెట్టి. "హాల్లో ప్రదర్శనకు పెడదామని తెచ్చా. మిషనూ ఉంది. వినిపించనా?"

"అందులో ఇంటి రొద తప్ప ఏమీ లేదు," అన్నాడు డెస్మండ్ తొందరగా. "నేనే కదా శుభ్రం చేసింది! కుక్కలు, గిన్నెలు. వినలేరు."

"కుక్క మాకెప్పుడూ లేదు," అంది గ్లెనిస్. "పెట్టు షీలా."

షీలా రీలు తగిలించింది. ముందు గాలి హోరు. దూరంగా, బావిలోంచి వచ్చినట్టు, నలుగురు మగవాళ్ల గొంతులు. కప్పుల గలగల. అప్పుడు, హఠాత్తుగా, చెవి పక్కనే ఉన్నట్టు ఒక ఆడగొంతు, లెస్టర్ మేజోళ్ల కార్ఖానాల గొంతు:

"ఏడ్చినట్టుంది. ఇంతమంది చదువుకున్నోళ్లు, ఒక్కడికి బుర్ర లేదు. ఆ ట్రే వాళ్ల నెత్తిన కొట్టి అడగవే తల్లీ!" కొంచెం నవ్వు. వెంటనే అదే నోరు గొంతు సవరించుకుని, ముక్కు ఎగబట్టి, వార్తలు చదివే దొరసాని యాసలోకి దిగింది: "చెడినదానిని పరీక్షించి ప్రయోజనమేమి? చెడుటకు ముందు మార్చినదేమో విచారింపుడు."

ఆ తరువాత ఒక పిల్ల గొంతు, కోపంతో వణుకుతూ: "అమ్మా, నోర్ముయ్! రికార్డవుతోంది! నీకేం తెలుసని మాట్లాడతావ్!"

కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు మూసుకున్న చప్పుడు. మళ్లీ దూరంగా మగవాళ్లు, కెవ్వుమన్న కేక.

షీలా మిషను ఆపింది.

"మీ అమ్మా?" అంది షీలా.

"ఆల్మా ఫ్రీర్. నార్త్‌గేట్స్ దగ్గర కార్ఖానాలో తనిఖీ బల్ల. ముప్పై ఒక్క సంవత్సరాలు."

తనిఖీ బల్ల అంటే గ్లెనిస్‌కు తెలిసింది తక్కువ. తెలుసుకోవడానికి సిగ్గుపడినదే ఎక్కువ. ఉన్నత పాఠశాలకు ఎంపికైన ఏడాది నుంచి తల్లి ఏం చేస్తుందని అడిగితే, 'వస్త్రపరిశ్రమలో' అని చెప్పేది. కానీ చిన్నప్పుడు విన్నది కొంత ఉంది. చెక్కకాలికి మేజోడు తొడిగి, దీపం కింద తిప్పి, అల్లికలో జారిన కన్నెక్కడుందో పట్టుకోవడం ఆల్మా పని. ఒకే జాగాలో ఒకే తప్పు మళ్లీ మళ్లీ వస్తే మేజోడును పక్కన పడేసి, అల్లే మిషన్ల దగ్గరికి నడిచివెళ్లి, సోమవారం నుంచి ఏం మార్చారని అడగాలి: సూదా, దారమా, నూనెనా? ఆ ప్రశ్న ఆమె రోజుకు పదిసార్లు వేసేది. దొరసాని గొంతులో వేసింది మాత్రం ఆ శనివారం ఒక్కసారే.

"ఇదంతా ఎందుకు కత్తిరించావు?" అంది గ్లెనిస్.

డెస్మండ్ ముఖం కందింది. "రొద అనుకున్నాను. ముందు ఎవరో ఇంటావిడ మాట్లాడింది, తీసేశాను. చివర ఒక పిల్ల, తీసేశాను. మధ్యలోది డాక్టర్ వేల్ అనుకున్నాను. అలాగే ఉంది కదా!"

"ఎలాగ?"

"అంటే... మంచి ఇంగ్లీషులో."

"లెస్టర్ గొంతు రొద. లండన్ గొంతు విజ్ఞానం. అదేనా నీ జల్లెడ?"

"మా అమ్మా ఆ మేజోళ్ల కార్ఖానాలోనే చేసిందండీ!" అన్నాడు డెస్మండ్ రోషంగా.

"అయితే నీకింకా సిగ్గుండాలి."

షీలా అల్లిక మళ్లీ అందుకుంది. "వీడొక్కడేంటి అమ్మడూ, సంఘం పత్రికలో నలభై పేజీల వ్యాసం వేశాం కదా, ఆ వాక్యం మిగతా మాటలకన్నా అంత దగ్గరగా ఎందుకు వినిపిస్తుందని. దర్శకుడు మైకును హీరోయిన్ పెదవుల దాకా తెచ్చాడట. విప్లవాత్మకమట."

"మా ముందుగది పది అడుగులు. టీవీ ఆ మూల, మా అమ్మ ఈ కుర్చీలో, మైకు ఆవిడ పక్క దిండు మీద. అదీ విప్లవం. మరి రచయిత? చచ్చిపోయేముందు మీరు అడిగారు కదా?"

"అడిగాం," అన్నాడు డెస్మండ్ నేల చూస్తూ. "అంబ్రోస్ కెట్‌రిజ్ గారు. ఆ వాక్యం ఒక తెల్లవారుజామున తనకు స్ఫురించిందన్నారు. కళ్లు చెమర్చాయి కూడా."

గ్లెనిస్‌కు ఆ పిండి జల్లించినవాడి మీద, ఆ ట్రే మోయించినవాడి మీద, పరాయి ఆడదాని మాటకు కళ్లు చెమర్చుకున్న ఆ ముసలాడి మీద కలిగిన తిరస్కారంలో తేడాలేమీ లేవు. ఒక భాగం మాత్రం తన మీదే ఉందని ఆమె నిజాయితీగా లెక్కించింది. కన్నతల్లి గొంతును కార్లో వందలసార్లు విన్నది, ఒక్కసారి పోల్చుకోలేదు. కారణం వెతికితే దూరం పోనక్కరలేదు. తల్లి టీవీ దొరసానులను వెక్కిరించడం ఆమెకు బాగా గుర్తుంది. కానీ తెలివైన మాట ఒకటి వినిపించినప్పుడు, అది ఆ వెక్కిరింపుల్లో ఒకటై ఉండవచ్చన్న ఊహ ఆమె తలలోకి రాలేదు. డెస్మండ్ జల్లెడ ఆమె దగ్గరా ఉంది. అవే కన్నాల జల్లెడ.

ఇక 1996. ఉపన్యాసానికి ఆల్మా వచ్చింది. రెండో వరుసలో, కోటు విప్పకుండా, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూతురు వేదిక మీద నిలబడి, ఆ దొరసాని యాసలోనే (అప్పటికది ఆమె సొంతగొంతు అయిపోయింది), 'నన్ను ఈ దారిలో పెట్టినది డాక్టర్ వేల్' అంటూ ఆ వాక్యం చదివింది. తరువాత విందులో గ్లెనిస్ వెళ్లి ఎలా ఉందని అడిగింది.

"బాగా చెప్పావమ్మడూ," అంది ఆల్మా. "ఆ టీవీ ఆవిడ ఎప్పుడన్నా మిషన్ల దగ్గర పనిచేసిందేమో!"

అంతకన్నా ఏమీ అనలేదు. ఆమెకు గుర్తుందా, లేదా? ఎనిమిదేళ్ల తరువాత పోయింది. ఇక అడిగే దారి లేదు. ఒక్క వాక్యాన్ని ఆధారం చేసుకుని నిర్ణయానికి రాకూడదని గ్లెనిస్ నలభై ఏళ్లు విద్యార్థులకు చెప్పింది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆధారం చాలకపోవడం ఆమెకు ఊరట కాలేదు.

"కాగితం ఇవ్వు," అంది.

డెస్మండ్ ముఖం వెలిగింది. ఆమె కాగితం తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, చివరి దాకా చదివి, అడుగున రెండు పంక్తులు రాసి తిరిగి ఇచ్చింది. డెస్మండ్ పైకి చదివాడు: "ధ్వనిని వాడుకోవచ్చు. షరతు: కత్తిరింపు లేకుండా, పిల్ల మాటతో సహా, మాట్లాడినవారు ఆల్మా ఫ్రీర్ అని పేరు వేసి."

"ఇది కుదరదండీ," అన్నాడు. "చొక్కాలున్నాయి. బ్యానరుంది. కిందున్నవాళ్లలో ఒకతను ఈ వాక్యం భుజం మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు! మీ అమ్మగారి కుటుంబానికి కృతజ్ఞతలు అని చివర చిన్న అక్షరాల్లో..."

"వద్దు."

"ప్రొఫెసర్ గారూ, ఆలోచించండి. మీ గురించి కూడా నవ్వుతారు. మీ పుస్తకం మొదటి వాక్యమే అబద్ధమైపోతుంది."

"అయింది. ఇవాళ కాదు, రాసిన రోజే అయింది."

డెస్మండ్ గొంతు తగ్గించాడు. ఆ గొంతులో అధ్యక్షుడు పోయి మామూలు మనిషి మిగిలాడు. "ఆ మాట తీసేస్తే మాకేం మిగులుతుందండీ?"

"పిండి," అంది గ్లెనిస్. "ట్రే."

*

రెండు గంటలకు హాలు నిండింది. వెండి కోట్లు, తెల్లజుట్లు, ఒళ్లో కాగితం పళ్లేల్లో ఎర్ర చీజ్ పెట్టిన గుండ్రటి రొట్టెలు. చొక్కాల మీద వాక్యం రెండు వందల సార్లు ఆమెను చూసింది. గ్లెనిస్ వేదిక ఎక్కి ఎవరినీ పొగడలేదు. ఫిల్ములో ఆ వాక్యం లేదని, టేపులో ఉన్నది తన తల్లిదని, ఆమె నోరు యాభై ఏడేళ్ల కిందట తనే మూయించిందని, నలభై ఏళ్ల కిందట డెస్మండ్ మిగతాది కత్తిరించాడని, ఇద్దరూ ఒకే కారణంతో ఆ పని చేశారని వరుసగా చెప్పింది. చెప్పి, షీలాకు చేయి ఊపింది. షీలా రీలు వినిపించింది. 'ఏడ్చినట్టుంది' దగ్గర వెనకనుంచి ఎవరో ఒకావిడ పకపకా నవ్వింది. మిగతా హాలు నవ్వలేదు.

ముందు వరుసలో పచ్చబొట్టువాడు లేచాడు. "అలా అయితే, మీ అమ్మగారు టీవీలో విన్నదాన్నే తిరిగి అని ఉండొచ్చు కదా?"

"అప్పుడు టేపులో రెండుసార్లు వినిపించాలి."

"మొదటిసారి మైకు సరిగా పట్టి ఉండదు."

"అంతకు ముందు క్షణంలో కప్పు గలగలను పట్టింది, అయినా వాక్యాన్ని పట్టలేదా?"

"కప్పు గట్టిగా మోగింది," అన్నాడు అతను. చుట్టూ తలలు ఊగాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లు రెండు వందలమంది ఒక్కచోట కూర్చుంటే, నాలుగో కాలును చూసినవాడిదే తప్పు. ఇంకొకాయన లేచి, ద్వీపం వారి సెన్సారు నిబంధనల మీద ఒక ఉపసంఘం వేయాలన్నాడు. చప్పట్లు కొట్టారు. డెస్మండ్ కొట్టలేదు, వేదిక అంచున కూర్చుని తన చొక్కా మీది అక్షరాలను తలకిందులుగా చదువుకుంటున్నాడు.

నవ్విన ఆవిడ చేయెత్తింది. "మీ అమ్మగారికి ఈ సీరియల్ నచ్చేదా?"

"మొదటి మాటలోనే తీర్పు చెప్పింది, విన్నారు కదా," అంది గ్లెనిస్. "దానితో ఏకీభవించడానికి నాకు యాభై ఏడేళ్లూ, ప్రొఫెసర్ పదవీ పట్టాయి."

ఆ వాక్యం లేకుండానే నాలుగో భాగం వేశారు. పద్దెనిమిదో నిమిషంలో డాక్టర్ వేల్ ట్రే పట్టుకుని నిలబడినప్పుడు, హాలంతా ఒక్క గొంతుతో, మంచి లండన్ యాసలో, ఆ వాక్యం అరిచింది. గ్లెనిస్ కోటు తీసుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర షీలా పరుగున వచ్చి రీలు డబ్బా ఆమె చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉండనీ అమ్మడూ. వీళ్లు మళ్లీ శుభ్రం చేస్తారు."

డిస్కు క్రిస్మస్‌కు ముందు విడుదలైంది. వాక్యం లేదు. దాని స్థానంలో తెర అడుగున ఒక గమనిక: 'ఈ చోట మూలప్రసారంలోని సంభాషణ విదేశీ ప్రతిలో తొలగించబడినట్టు భావిస్తున్నాము.' భావించుకోనిమ్మని గ్లెనిస్ వదిలేసింది. మూర్ఖుల నమ్మకాన్ని దిద్దడం ఆమె బాధ్యత కాదు. తన అచ్చుతప్పును దిద్దడం బాధ్యతే.

జనవరిలో ఒక ఉదయం విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లింది. ఉపన్యాసపు ప్రతులు అక్కడ పదకొండు మిగిలి ఉన్నాయి. వాటిలో అంటించడానికి చిన్న సవరణ చీటీలు అచ్చువేయించి తెచ్చింది. బల్ల దగ్గర కూర్చున్న గ్రంథాలయాధికారి కార్ల్ ఒక చీటీ తీసుకుని చదివాడు: 'పుట 1, పంక్తి 1. డాక్టర్ వేల్ అని ఉన్నచోట ఆల్మా ఫ్రీర్, మేజోళ్ల తనిఖీదారు, అని చదువుకోవాలి.'

"ఈవిడ శాస్త్రవేత్తా మేడమ్?" అన్నాడు. "జాబితాలో కూడా ఎక్కించాలి. ఏ వర్గంలో వేయమంటారు?"

"మీ జాబితాలో ఏ వర్గాలున్నాయి?"

"పరిశోధకులు, రచయితలు, దాతలు. ఇంకా, ఇతరులు."

"పరిశోధకులలో వేయండి."

"ఆధారం ఏదైనా జతచేయాలి. డిగ్రీ, ప్రచురణ, అలాంటిది."

గ్లెనిస్ సంచిలోంచి రీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "ఇది జతచేయండి. వినేవాళ్లకు మిషను మీరే ఏర్పాటు చేయాలి. కత్తిరించడానికి మాత్రం ఎవరికీ వీల్లేదని దానిమీద రాయండి. మధ్యలో ఒక పిల్ల అసహ్యంగా మాట్లాడుతుంది. అది కూడా ఉండాలి."

కార్ల్ డబ్బా మీద అంకె వేసి రసీదు రాశాడు. గ్లెనిస్ కుర్చీ లాక్కుని, జిగురు సీసా మూత తిప్పి, మొదటి ప్రతి తెరిచింది. చీటీ కాస్త వంకరగా అంటుకుంది. జిగురు ఆరకముందే పీకి, పంక్తికి సరిగ్గా ఆనించి, మళ్లీ అంటించింది. తరువాత రెండోది తీసుకుంది.